ఫోరెన్సిక్ సైన్స్ బేసిక్స్: ఒక రక్తపు చొక్కా వెంట వెళ్తే సగం సిలబస్ వచ్చేస్తుంది

ఫోరెన్సిక్ సైన్స్‌కి కొత్తగా ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, ఇన్ని టెస్టుల పేర్లు, ఇన్ని సంవత్సరాలు, ఇన్ని పద్ధతులు ఎలా గుర్తుపెట్టుకోవాలి అని. నేను వాటిని విడివిడిగా బట్టీ పట్టలేదు. ఒక వస్తువును పట్టుకుని, అది నేరస్థలంలో కనపడ్డ దగ్గర్నుంచి కోర్టుకు చేరేదాకా దాని వెంటే వెళ్లేదాన్ని. దారి పొడవునా సిలబస్‌లోని టాపిక్‌లు ఒక్కొక్కటే తగులుతుంటాయి, పైగా ఏది ఎందుకు చేస్తారో తెలుస్తుంది. ఎందుకో తెలిస్తే మర్చిపోవడం కష్టం.

రక్తం అంటిన చొక్కా ఒకటి గదిలో నేల మీద ఉందనుకోండి. ముందు దాన్ని ముట్టుకోరు. గాయపడ్డవాళ్లు ఉంటే వాళ్ల ప్రాణం ముందు, తర్వాత ఆ స్థలాన్ని మూసేసి లోపలికి ఎవరు వెళ్లారో, ఎవరు బయటికొచ్చారో టైముతో సహా రాసిపెట్టడం. ఆ తర్వాత ఫొటోలు. గది మొత్తం కనిపించేలా దూరం నుంచి, చుట్టుపక్కల వస్తువులతో కలిపి మధ్య దూరం నుంచి, చివరికి దగ్గర్నుంచి. దగ్గరి ఫొటో స్కేలు లేకుండా ఒకటి, స్కేలు పెట్టి ఒకటి తీయాలి. స్కేలు లేకుండా ఎందుకంటే, ఫొటో తీసేముందు అక్కడ ఏమీ మార్చలేదని, స్కేలు కింద ఏదీ దాగలేదని కోర్టులో చూపించడానికి. ఫొటోలున్నా స్కెచ్ ఎందుకంటే, ఫొటోలో దూరాలు మోసం చేస్తాయి, స్కెచ్‌లో కొలతలు ఉంటాయి. వెతికే పద్ధతులు స్ట్రిప్ (పక్కపక్క వరసలుగా), గ్రిడ్ (అడ్డంగా, మళ్లీ నిలువుగా), జోన్ (భాగాలుగా విడగొట్టి), స్పైరల్ (సుడి తిరిగినట్టు), వీల్ (మధ్య నుంచి చక్రం ఆకుల్లా బయటికి). గదులున్న ఇంటికి జోన్, పెద్ద మైదానానికి స్ట్రిప్ లేదా గ్రిడ్ అని గుర్తుంచుకుని ముందుకు వెళ్లిపోండి, దీని మీద ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు.

టైమ్ పెట్టాల్సింది ప్యాకింగ్ మీద. తడి రక్తం ఉన్న బట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీల్ చేస్తే తేమ లోపలే నిలిచిపోయి, బ్యాక్టీరియా, బూజు పెరిగి డీఎన్‌ఏను పాడుచేస్తాయి. అందుకే ఎండ తగలకుండా గాలికి ఆరబెట్టి, పేపర్ కవర్లో, ఒక్కో బట్టను విడివిడిగా పెడతారు. తగలబెట్టిన కేసుల్లో దొరికే బూడిద, కాలిన గుడ్డల విషయానికొస్తే సరిగ్గా దీనికి రివర్స్, అందులో పెట్రోల్, కిరోసిన్ లాంటివి ఉంటే ఆవిరైపోతాయి కాబట్టి గాలి చొరబడని లోహపు డబ్బాలోనే పెట్టాలి. ఈ రెండు కారణాలు తెలిస్తే ప్యాకింగ్ బిట్లలో చాలావాటికి ఆప్షన్లు చూడకుండానే జవాబు చెప్పొచ్చు.

ఇక్కడే లోకార్డ్ సూత్రం చదవండి. ఎడ్మండ్ లోకార్డ్ 1910లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పోలీస్ ల్యాబ్ మొదలుపెట్టాడు. రెండు వస్తువులు తాకితే ఒకదాని జాడ ఇంకొకదానికి అంటుతుంది అన్నది ఆయన ఆలోచన. అందరూ దీన్ని నేరస్థుడికే అన్వయించి ఆపేస్తారు, కానీ అది ఆధారం సేకరించేవాళ్లకీ వర్తిస్తుంది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో దాదాపు 40 ఘటనల్లో ఒకే మహిళ డీఎన్‌ఏ దొరికింది, ఏళ్ల తరబడి ఆమె కోసం వెతికారు. 2009లో తేలిందేమిటంటే అలాంటి నేరస్థురాలు లేనే లేదు, శాంపిల్ తీసే కాటన్ స్వాబ్‌లకే వాటి తయారీలో పనిచేసిన ఒకామె డీఎన్‌ఏ అంటుకుని ఉంది. స్వాబ్‌లు స్టెరైల్ కదా అనొచ్చు. స్టెరిలైజేషన్ క్రిములను చంపుతుంది, డీఎన్‌ఏను పూర్తిగా తీసేయదు. కంటామినేషన్ (బయటి జాడలు ఆధారంలో కలవడం), కంట్రోల్ శాంపిల్ (పోల్చి చూడటానికి ఆధారం అంటని శాంపిల్) ఎందుకు అనే టాపిక్‌లకు ఈ ఒక్క కేసు చాలు, డిస్క్రిప్టివ్ పేపర్ ఉంటే తప్పకుండా వాడండి.

చొక్కా ల్యాబ్‌కి చేరింది. అక్కడ అడిగే ప్రశ్నలకు ఒక వరస ఉంది: ఇది రక్తమేనా, మనిషిదేనా, ఎవరిది? కాజిల్-మేయర్ టెస్టులో గులాబీ రంగు వచ్చినా, ల్యూమినాల్ చల్లితే చీకట్లో నీలంగా మెరిసినా అది రక్తం అయ్యే అవకాశం ఉందని మాత్రమే అర్థం. బ్లీచ్‌కి కూడా ల్యూమినాల్ మెరుస్తుంది. వీటిని ప్రిజంప్టివ్ టెస్టులు అంటారు. టకయామా, టైక్‌మన్ స్ఫటికాల టెస్టులు రక్తమేనని ఖాయం చేస్తాయి, కానీ అది మనిషిదో జంతువుదో చెప్పవు. దానికి మనిషి ప్రోటీన్‌ను యాంటీబాడీలతో గుర్తించే ప్రెసిపిటిన్ టెస్ట్. ఎవరిదో చెప్పేది డీఎన్‌ఏ, అదీ ఐడెంటికల్ ట్విన్స్ విషయంలో మామూలు ప్రొఫైలింగ్‌తో తేలదు, వేలిముద్రలు మాత్రం వాళ్లకీ వేర్వేరుగా ఉంటాయి. రక్తం గ్రూపు కలిసిందంటే అది క్లాస్ లక్షణం, అదే గ్రూపు ఎంతోమందికి ఉంటుంది కాబట్టి ఒక మనిషిని చూపించలేదు, కలవకపోతే మాత్రం ఆ మనిషి రక్తం కాదని చెప్పగలదు. ఈ తేడా నాకు సబ్జెక్ట్ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనదిగా అనిపిస్తుంది, ఎందుకంటే బయట ఒక మనిషి జీవితం దీని మీదే నిలబడుతుంది. డీఎన్‌ఏ ప్రొఫైలింగ్‌ను అలెక్ జెఫ్రీస్ 1984లో లెస్టర్‌లో కనిపెట్టాడు, హత్య కేసులో దాన్ని మొదట వాడినప్పుడు అప్పటికే నేరం ఒప్పుకున్న ఒక కుర్రాడు నిర్దోషి అని తేలింది, అసలు నేరస్థుడు దొరికింది ఆ తర్వాతే.

ల్యాబ్ నుంచి కోర్టుకు వెళ్లేదాకా చొక్కా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ రోజు, ఎన్ని గంటలకు మారిందో రాసి ఉండాలి. అదే చైన్ ఆఫ్ కస్టడీ. ఒక్క లింకు తెగినా ల్యాబ్ రిపోర్ట్ ఎంత బాగున్నా అనుమానం వస్తుంది.

ఇదే పద్ధతిలో ఒక కాగితాన్ని తీసుకోండి, వేలిముద్రలు వచ్చేస్తాయి. కాగితం మీద కనపడని ముద్రలకు ముందు అయోడిన్ ఆవిరి, తర్వాత నిన్‌హైడ్రిన్, చివర్లో సిల్వర్ నైట్రేట్. అయోడిన్ రంగు కాసేపటికి పోతుంది, కాగితానికి పెద్దగా నష్టం చేయదు. నిన్‌హైడ్రిన్ చెమటలోని అమైనో ఆమ్లాలతో కలిసి ఊదా రంగు ఇస్తుంది. సిల్వర్ నైట్రేట్ ఉప్పులోని క్లోరైడ్‌తో పనిచేస్తుంది, కానీ మిగతా పదార్థాలను కడిగేస్తుంది కాబట్టి చివర్లో. వేలిముద్రల గీతల ప్యాటర్న్‌లలో లూప్‌లు (వంపు తిరిగి వచ్చిన వైపుకే వెళ్లేవి) 60 నుంచి 65 శాతం, వోర్ల్‌లు (సుడులు) 30 నుంచి 35, ఆర్చ్‌లు (విల్లులా వంగినవి) 5 శాతం దాకా. వేలిముద్ర తప్పే చెప్పదు అనే ఆప్షన్ కనపడితే జాగ్రత్త. 2004 మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో ఎఫ్‌బీఐ ఒక ముద్రను అమెరికాలోని ఒక లాయర్‌దిగా ప్రకటించింది, స్పెయిన్ పోలీసులు అది వేరే వ్యక్తిదని తేల్చారు.

అద్దం ముక్కల టాపిక్ నాకు చాలా ఇష్టం. రాయి తగిలితే అద్దం వంగుతుంది, వెనక వైపు ముందు సాగుతుంది, అందుకే రేడియల్ పగుళ్లు (దెబ్బ చోటు నుంచి కిరణాల్లా బయటికి వెళ్లేవి) దెబ్బకు అవతలి వైపున మొదలవుతాయి, కాన్‌సెంట్రిక్ పగుళ్లు (ఆ చోటు చుట్టూ వలయాలుగా వచ్చేవి) ఆ తర్వాత దెబ్బ తగిలిన వైపు నుంచి వస్తాయి. రెండు బుల్లెట్లు తగిలితే రెండోదాని పగులు మొదటిదాని పగులు దగ్గర ఆగిపోతుంది. కారు పక్క అద్దాల్లాంటి టెంపర్డ్ గ్లాస్‌కి ఇది పనికిరాదు, అది చిన్న ముక్కలుగా రాలిపోతుంది.

సంవత్సరాలను మాత్రం బట్టీ పట్టక తప్పదు, అయితే కథతో పట్టండి. 1892లో అర్జెంటీనాలో తలుపు మీది రక్తపు వేలిముద్రతో హత్య కేసు తేలింది, అక్కడ గుర్తుంచుకోవాల్సిన పేరు వేలిముద్రల పద్ధతి తెచ్చిన పోలీసు అధికారి హువాన్ వుసెటిచ్. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో, అక్కడి వేలిముద్రల వర్గీకరణకు బెంగాల్ పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టినా లెక్క కట్టి పనిచేసింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. ఈ ఇద్దరి పేర్లు గట్టిగా గుర్తుంచుకోండి, పరీక్ష కోసమే కాదు. 1901 అంటే లాండ్‌స్టైనర్, రక్తం గ్రూపులు.

ఇక రక్తపు చుక్కల లెక్క. చుక్క వెడల్పును పొడవుతో భాగిస్తే వచ్చేది అది పడిన కోణం సైన్ విలువ, పొడవు కొలిచేటప్పుడు తోకను వదిలేయాలి, తోక చూపించేది చుక్క వెళ్లిన దిశ. వెడల్పు 8 మిల్లీమీటర్లు, పొడవు 16 అయితే 0.5, అంటే 30 డిగ్రీలు. కాలిక్యులేటర్ ఇవ్వని పరీక్షల్లో అంకెలు సాధారణంగా ఇలాగే తేలిగ్గా ఉంటాయి కాబట్టి 30, 45, 60, 90 డిగ్రీల సైన్ విలువలు నోటికి ఉంచుకోండి, 0.5, 0.707, 0.866, 1.