నీతి అడగకుండా కథ చెప్పడం: ఛాత్రోపాధ్యాయులతో నా అనుభవం

జిల్లా విద్యా శిక్షణ సంస్థలో డి.ఎల్.ఎడ్. (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ కోర్సు) చదివే ఛాత్రోపాధ్యాయులకు తెలుగు బోధనాపద్ధతులు చెప్పే నాకు, బాలసాహిత్యాన్ని తరగతిలో వాడుకోవడం నేర్పే బాధ్యత అప్పగించినప్పుడు, ముందుగా వారి పాఠ్యపథకాలు తెప్పించుకుని చదివాను. దాదాపు ప్రతి పథకంలోనూ కథ ముగియగానే "ఈ కథలోని నీతి ఏమిటి?" అన్న ప్రశ్న, దాని కింద కఠిన పదాలు, ఆపై ఖాళీలు పూరించే అభ్యాసం ఉన్నాయి. వారిని తప్పుపట్టడానికి లేదు. తాము చదువుకున్న బడిలో కథ ఆ రూపంలోనే వారికి అందింది. పాఠ్యపుస్తకం కాక మరో కథల పుస్తకం ఇంట్లో ఉండగా పెరిగినవారు ఆ తరగతిలో బహు తక్కువ. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల కోసం తెచ్చిన 'బాల' పత్రికను 1945లోనే, ఆ వెనుకే 1947 జూలైలో 'చందమామ'ను అందుకున్న భాషలో, కాబోయే పంతుళ్లు పిల్లల పుస్తకాలకు ఇంత దూరంగా పెరగడం నన్ను బాధించింది.

అందుకే పద్ధతుల మాట పక్కనపెట్టి చదివించడంతో మొదలుపెట్టాను. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకుని అచ్చు తీసిన బొమ్మల కథలు బల్లమీద పరిచి, ఒక్కొక్కరినీ ఒకటి ఎంచుకుని అందులో ఏం నచ్చిందో చెప్పమన్నాను. మొదట అందరి నోటా "మంచి సందేశం ఉంది మేడమ్" అన్న మాటే వచ్చింది. ఆ మాట లేకుండా చెప్పమన్నాకే వారు బొమ్మలు చూడసాగారు. కథలో ఎక్కడా ప్రస్తావన లేని పిల్లి ప్రతి పేజీలోనూ ఒక మూల కూర్చుని ఉందని ఒక ఛాత్రోపాధ్యాయిని గుర్తించింది. అక్షరాలు ఇంకా రాని బిడ్డ ఆ పిల్లిని అందరికంటే ముందు పట్టుకుంటుందని తనే అన్నది.

తర్వాత ప్రకాశ పఠనం, అంటే పిల్లలకు వినబడేలా పైకి చదవడం. పుస్తకాన్ని పిల్లల వైపు తిప్పి పట్టుకోవడం, పక్క నుంచి చదవడం, పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగడం వినడానికి చిన్న విషయాలే గాని, సాధన లేకుండా అబ్బవు. ఎక్కడ ఆగాలో తెలియడానికి ఏడు చేపల కథను తీసుకున్నాం. చేప గడ్డిమేటు మీద, గడ్డిమేటు ఆవు మీద నెపం పెట్టుకుంటూ పోయే ఈ గొలుసుకథలో తరువాత ఎవరి వంతో పిల్లలే ఊహించగలరు. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ రావడంతో చదవడం రాని పిల్లలు కూడా గొంతు కలుపుతారు.

ఇంటర్న్‌షిప్‌లో ఒక ఛాత్రోపాధ్యాయుడు మూడో తరగతిలో ఈ కథ చెబుతుంటే నేను వెనక బెంచీలో కూర్చున్నాను. చీమ దాకా రాకముందే ఒక పాప లేచి, "ఆరు చేపలు ఎండాయి కదా టీచర్, ఒక్కదాని కోసం ఇంత తిరగాలా?" అని అడిగింది. అతడు ఆమెను కూర్చోమనకుండా, "మీరైతే ఏం చేస్తారు?" అని తరగతినంతా అడిగాడు. ఎండకపోతే పులుసు పెట్టుకోవచ్చన్నవారు కొందరు, ఏడుగురు అన్నదమ్ములు కనుక ఒకరికి తక్కువవుతుందన్నవారు కొందరు. కథ ఆ రోజు పూర్తి కాలేదు. నా దృష్టిలో నేను చూసిన భాషా తరగతుల్లో అది మేలైనది. తాను వినదగిన మాట చెప్పానని ఆ పాపకు తెలిసింది.

తండాలోని బడికి వెళ్లినవారికి మరో చిక్కు ఎదురైంది. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు తెలుగు కథ విని మౌనంగా ఉండేవారు. ముందు వారి భాషలో ఒకరికొకరు చెప్పుకోనిచ్చి, ఆపై తెలుగు వాక్యాలు రాయిస్తే మౌనం తొలగింది. ఇంటి భాషను తరగతిలోకి రానివ్వాలన్న జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 మాటను అప్పటిదాకా పరీక్ష కోసమే చదివిన ఛాత్రోపాధ్యాయులు అక్కడ దాని అవసరం చూశారు.

బీరువాలే అన్నిటికంటే విసుగు పుట్టించాయి. చాలా బడుల్లో పుస్తకాలు ఉన్నా, చిరిగితే స్టాక్ రిజిస్టరుకు ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో తాళం వేసి ఉంటాయి. మావాళ్లు గోడ వెంట తాడు కట్టి పుస్తకాలు వేలాడదీశారు, ఇచ్చిపుచ్చుకునే లెక్క పిల్లలకే అప్పగించారు.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని బడుల్లో అడిగినప్పుడు, 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవగలగాలని కోరుతోందని, కథల పీరియడ్ ఆ పనిలో భాగమేనని వివరించమని వారికి చెప్పాను. ఇప్పుడు వారి రికార్డులో మూల్యాంకనం శీర్షిక కింద నీతి ప్రశ్న ఉండదు. కథ వింటూ పిల్లలు అడిగిన ప్రశ్నలను వారి మాటల్లోనే రాయాలి, వాటిని చూసి తర్వాతి వారానికి ఏ పుస్తకం తీసుకెళ్లాలో నిర్ణయించుకోవాలి. అంతర్గత మార్కులు ఆ పేజీకే వేస్తున్నాను.