వాయిస్ టెస్ట్ నుంచి నా సొంత షో దాకా

రేడియో స్టేషన్‌లో వాయిస్ టెస్ట్‌కి వెళ్లి రెండుసార్లు ఫెయిలయ్యాను. గొంతు బాగుంది, ఉచ్చారణ బాగుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. టెస్ట్ చేసిన మేడమ్ రెండోసారి నా రికార్డింగ్ నాకే వినిపించారు. మైకుకి మరీ దగ్గరగా ఉండటంతో 'ప', 'భ' వచ్చిన చోటల్లా ఊపిరి మైకుకి కొట్టుకుని బుస్సుమంటోంది. "సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు చదువుతున్నావు బాబూ. వినేది ఒక్కరే అనుకో, ఆ ఒక్కరితో మాట్లాడు" అన్నారు. ఆర్నెల్లపాటు రోజూ ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. మైకుకి జానెడు దూరంలో, కాస్త పక్కకి తిరిగి మాట్లాడటం అలవాటైంది. మూడోసారి తీసుకున్నారు.

తీసుకోగానే షో చేతికి రాదు. రెండేళ్లు ఫోన్లు ఎత్తాను. కాలర్ ఎవరు, ఏం చెప్పాలనుకుంటున్నారు అన్నది ఒక్క వాక్యంలో టైప్ చేసి హోస్ట్ ముందున్న స్క్రీన్ మీద పెట్టాలి. ఈ పని నేను నేర్చుకున్నది అక్కడే. రోడ్డు బాగాలేదని ఫోన్ చేసినాయన అసలు బాధ, ఆ రోడ్డు మీద పడిపోయిన కొడుకు. ఆ సంగతి మూడో ప్రశ్నకి గానీ బయటికి రాదు. ఓపిగ్గా అడగాలి.

తర్వాత శని, ఆదివారాల అర్ధరాత్రి షో ఇచ్చారు. ఆ వేళప్పుడు ఎవరు వింటారని నిరుత్సాహపడ్డాను. కానీ మాది మీడియం వేవ్ స్టేషన్. ఆ తరంగాలను పగటిపూట పై వాతావరణంలోని ఒక పొర పీల్చేసుకుంటుంది. పొద్దుగూకాక ఆ పొర దాదాపు లేకుండా పోతుంది. తరంగాలు ఇంకా పైనున్న పొరకి తగిలి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. మా స్టేషన్ పేరు కూడా తెలియని ఊళ్ల నుంచి కాల్స్ వచ్చేవి.

ఫోన్-ఇన్ షో మేం 7 సెకన్లు ఆలస్యంగా ప్రసారం చేస్తాం. ఎవరైనా బూతు మాట్లాడితే బటన్ నొక్కి ఆపడానికి ఆ వ్యవధి. అందుకే కాలర్‌తో మొదట అనే మాట "మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి". లేకపోతే తమ మాటే ఆలస్యంగా వినిపించి తడబడతారు.

ఒక రాత్రి ఆ మాట అనడం మర్చిపోయాను. లైన్లో ఒక పెద్దావిడ. "ఆయన కళ్లజోడు ఇంకా కిటికీలోనే ఉంది" అని ఆగిపోయారు. హెడ్‌ఫోన్‌లో ప్రొడ్యూసర్ "నెక్స్ట్ కాల్, నెక్స్ట్ కాల్" అంటున్నారు. ప్రసారంలో నిశ్శబ్దం ఎక్కువైతే స్టేషన్‌లో అలారం మోగుతుంది. చెప్పలేనంత టెన్షన్. అయినా లైన్ కట్ చేయబుద్ధి కాలేదు. "వింటున్నానమ్మా" అన్నాను. ఆవిడ ఇంట్లోని రేడియోలో ఆవిడ మాటే మళ్లీ సన్నగా వినిపించింది: కళ్లజోడు ఇంకా కిటికీలోనే ఉంది. కాసేపటికి అదే రేడియోలోంచి నా గొంతు: వింటున్నానమ్మా. అప్పుడు ఆవిడ గట్టిగా ఊపిరి తీసుకుని మొత్తం చెప్పారు. ప్రొడ్యూసర్ మళ్లీ తొందరపెట్టలేదు.

సాయంత్రం స్లాట్ నాకు ఆ తర్వాతే వచ్చింది. కాంట్రాక్ట్ మాత్రం ఏడాదికోసారి రాసుకునేదే. ఖర్చు కలిసొస్తుందని ఒకచోట తయారైన షోనే పది స్టేషన్లలో రిలే చేయడం పెరుగుతోంది. ఆ జాబితాలో మా స్టేషన్ చేరకూడదని నా కోరిక. ఈ సాయంత్రం కూడా 6 గంటలకి నాలుగు లైన్లూ తెరిచే ఉంటాయి.