సామర్లకోట బొమ్మలు చేతబట్టుకుని

గౌతమి ఎక్స్‌ప్రెస్ సామర్లకోటలో ఆగేసరికి ఇంకా చీకటి విడలేదు. అమ్మ చేతిలో దొడ్డమ్మకి తీసుకున్న స్వీటు డబ్బా, నా చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు. ఆ ఫైల్లో ఇరవై రెండు బొమ్మలున్నాయి. ఇంటర్నెట్లో దొరికిన పాత పుస్తకపు పుటలవి. హైదరాబాదులో మా వీధి చివర జెరాక్సు షాపులో దళసరి కాగితం మీద రంగుల్లో తీయించాను. ఆ బొమ్మల్లోని మొక్కలు పుట్టిన నేల మీదే వాటిని చూడాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. మోదుగు పూసే కాలం కోసం ఆగి ఆగి ఫాల్గుణంలో బయల్దేరాం.

ఆ పుస్తకం ‘కోరమాండల్ తీరపు మొక్కలు’. రాసింది విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 ప్రాంతంలో సామర్లకోట చేరి, 1793లో కలకత్తాలోని కంపెనీ మొక్కల తోటకి అధిపతిగా వెళ్ళేదాకా ఇక్కడే ఉన్నాడు. ఇక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క లాంటివి పెంచి చూశాడు. చుట్టుపక్కల కొండల్లో, పొలంగట్ల మీద, సముద్రపు ఒడ్డున దొరికిన మొక్కలన్నిటినీ ఇక్కడి చిత్రకారుల చేత గీయించి లండన్ పంపాడు. వెళ్ళిన సుమారు 500 బొమ్మల్లోంచి అక్కడి వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ 300 ఏరితే, 1795 నుంచి పావు శతాబ్దం పాటు మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. రేకు మీద చెక్కి, అచ్చు వేసి, చేత్తో రంగులద్దిన పుటలవి.

నన్ను కట్టిపడేసింది బొమ్మల పక్కనున్న రాత. చాలా మొక్కలకి లాటిన్ పేరుతో పాటు తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడాయన. పేరు చెప్పిన రైతో, గొర్రెల కాపరో, మందులు నూరే ముసలమ్మో ఎవరో ఒకరు ఆయన పక్కన నిలబడి ఉండాలి కదా. బొమ్మ గీసిన మనిషి ఇంకొకరు. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు, వాళ్ళు చెప్పిన మాటలు మాత్రం ఉన్నాయి. సోమిద అని మనవాళ్ళు పిలిచే చెట్టు మొత్తం ప్రపంచానికి ఇవాళ ‘సోయ్‌మిడా’. కారల్లం అన్న మొక్క పేరు ‘కారలుమా’ అయింది. ఏ దేశపు వృక్షశాస్త్ర విద్యార్థి ఆ పేర్లు పలికినా గోదావరి పక్క మాట పలుకుతున్నట్టే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

దొడ్డమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. కళ్ళు ఇంకా బావున్నాయి. ఫైలు విప్పి బొమ్మలు ఒక్కొక్కటే ఆవిడ ముందు పెట్టాను. కింద రాసిన పేర్లు కావాలనే చెప్పలేదు.

“ఇది టేకు. ఇది మోదుగు, ఇది అడగాలా ఏమిటే? ఇది... ఉండు, వెలుతురులోకి పట్టు. ఆఁ, మొక్కెం చెట్టు. కాయ చూడు, బేరిపండంత ఉంటుంది, ఎండితే రెండుగా విచ్చుకుంటుంది. మా నాన్న పొలం దగ్గర ఉండేది.”

ఇరవై రెండులో పద్నాలుగు గుర్తుపట్టింది. పుస్తకం మొహం ఎన్నడూ చూడని మనిషి, రెండు వందల ఏళ్ళ కిందటి బొమ్మలో కాయ ఎలా విచ్చుకుంటుందో చెప్పేసింది. గీసినవాడి చెయ్యి ఎంత నిజమైనదో నాకు అప్పుడు తెలిసింది. అమ్మ పక్కనే కూర్చుని “అక్కా, నీకిన్ని గుర్తున్నాయా!” అంటూ కళ్ళు తుడుచుకుంది.

దొడ్డమ్మ పిల్లి బుజ్జి ఈలోగా వచ్చి బొమ్మల మధ్యలో పడుకుంది. తెల్ల పిల్లి, ఒక చెవి మాత్రం పసుపు. తీసేస్తే మళ్ళీ వచ్చి అక్కడే పడుకుంటుంది. ఆవిడ ఒక్కర్తే ఉండే ఆ ఇంట్లో మాట పలికేందుకు అదొకటే తోడు, దానితో ఆవిడ రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. నా చిన్నప్పుడు ఇదే వసారాలో పంజరంలో ఒక రామచిలక ఉండేది. ఇప్పుడు చట్టం ప్రకారం చిలకని పెంచకూడదు, పెంచకపోవడమే మంచిది కూడా. ఆ ఖాళీ పంజరాన్ని దొడ్డమ్మ పెరట్లో పారేసింది, దాని మీద శంఖుపూల తీగ అల్లుకుంది. చిలకలు మాత్రం పొద్దున్నే వాటంతట అవే వచ్చి జామచెట్టు మీద వాలి సగం కాయలు కొరికి పడేస్తున్నాయి. దొడ్డమ్మ వాటిని అదిలించదు. “అవి తినగా మిగిలినవే మనవి” అంటుంది.

రాక్స్‌బర్గ్ తోట ఆనవాళ్ళ కోసం ఆ మధ్యాహ్నమంతా తిరిగాను. భీమేశ్వరస్వామి గుడి దగ్గర, కాలవ గట్ల వెంట అడిగాను. నాకైతే ఒక్క గుర్తూ కనపడలేదు, పేరు విన్నవాళ్ళూ తగల్లేదు. కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేశాను. మనసులో ఏదో వెలితి అనిపించిన మాట నిజం.

మర్నాడు ఆటో మాట్లాడుకుని పెద్దాపురం దాటి మెట్ట వైపు వెళ్ళాం. దారిలో అంకుడు చెట్లు కనిపించాయి. ఆకు రాలిపోయి, జంట కాయలు కొసలు కలుపుకుని కొమ్మలకి వేలాడుతున్నాయి. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఈ కర్రతోనే. దీని ఆకుల్లోంచి నీలిరంగు తీయొచ్చని రాక్స్‌బర్గ్ ఎంతో పట్టుదలగా ప్రయత్నాలు చేశాడు.

ఆ తరవాత మలుపులో మోదుగు. ఒకటి కాదు, ఆరేడు చెట్లు, ఒక రాళ్ళ గుట్ట పక్కన. ఒక్క ఆకు లేదు. కొమ్మలన్నీ వంకరగా, నల్లగా ఉన్నాయి, వాటి నిండా పువ్వులే. ఆటో అతను తనంతట తనే ఆపేశాడు. “ఆయ్, ఫొటో తీసుకోండమ్మా, నేనూ దిగుతానండి” అన్నాడు.

చెట్టు మీద ఒకటే గోల. గోరింకలు, పిగిలిపిట్టలు, చిలకలు, గులాబిరంగు ఒంటి మీద నల్ల తలతో చలికాలం మనదేశం వచ్చే పరదేశి గోరింకలు. పసులపోలిగాడు పై కొమ్మ మీంచి దూకి పురుగుని గాల్లోనే అందుకుని మళ్ళీ అదే కొమ్మకి చేరుతున్నాడు. తేనెపిట్ట ఒకటి పువ్వు అడుగున వేలాడుతూ ముక్కు లోపలికి దూర్చి తీసింది. మోదుగు పూల తేనె తాగే పిట్టల నుదుటికి పుప్పొడి అంటుతుంది, అది మోసుకుని పక్క చెట్టుకి వెళ్తాయి. ఆ పసుపు పొడి ఒక గోరింక నొసట నాకు స్పష్టంగా కనిపించింది. బొట్టు పెట్టుకున్నట్టుంది.

కింద రాలిన పువ్వునొకదాన్ని అరచేతిలో పెట్టుకుని, 21వ పుటని పక్కన పరిచాను. సంస్కృతంలో మోదుగుని కింశుకం అంటారు. ‘ఇది చిలకా?’ అని అడిగినట్టు ఉంటుంది ఆ పేరు. పువ్వు చేతిలో ఉంటే ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ముందుకు వంగిన పడవ రేకు అచ్చం చిలక ముక్కే, అదే వంపు, అదే మొన. వెనక రేకు తల ఎత్తినట్టు విచ్చుకుని ఉంది. తొడిమ దగ్గరి గిన్నె నలుపుకి దగ్గరగా ఉండే ముదురు ఆకుపచ్చ, ముఖమల్ గుడ్డలా ఉంది. దూరం నుంచి నిప్పులా కనిపించే రేకుల్ని ఎండకి ఎదురుగా పట్టి చూస్తే మీద సన్నటి వెండి నూగు. వేలితో రాస్తే ఒక వైపుకి పడుకుంటుంది.

పుటలో ఆకులు, పూలు, కాయ ఒకే చోట ఉన్నాయి. చెట్టు మీద ఇవన్నీ ఒకేసారి ఉండవు. పువ్వు పూసేనాటికి ఆకు ఉండదు, కాయ ఆ తరవాతెప్పుడో వస్తుంది, పల్చటి ఆ కాయ కొసన ఒకే ఒక్క గింజ. అంటే ఆ చిత్రకారుడు కనీసం రెండు మూడు సార్లు ఈ చెట్టు దగ్గరికి వచ్చాడు. పూలప్పుడు ఒకసారి, ఆకులు ముదిరాక ఒకసారి. లేదా ఎవరో కొమ్మ విరిచి తెచ్చిస్తే, పాత బొమ్మ బయటికి తీసి ఖాళీ ఉంచిన చోట గీశాడు. అలా ఒక చెట్టు ఏడాదంతా ఒక్క కాగితం మీదికి వచ్చింది. ఆ ఓపిక మీద నాకు అంతులేని గౌరవం కలిగింది. అమ్మ బొమ్మలో వంకర ముక్కు మీద వేలు పెట్టి, “వీడికి చిలకలంటే ఇష్టమయి ఉంటుంది” అంది.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటుతుంటే యోహాన్ కోనిగ్ గుర్తొచ్చాడు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు, రాక్స్‌బర్గ్‌కి మొక్కల చదువులో పెద్ద దిక్కు. 1785లో ఇక్కడే చనిపోయాడు. తన కాగితాలన్నీ బ్యాంక్స్‌కి చేరాలని రాసిపెట్టి పోయాడు.

అక్కణ్ణుంచి ఉప్పాడ రోడ్డు. నా ఫైల్లో మూడో పుట చిరివేరు. నిజం చెప్పాలంటే ఇది దొరుకుతుందన్న ఆశ నాకు లేదు. జానెడు మొక్క, ఇసుకలో పాకుతుంది, సన్నటి ఆకులు, ఆవగింజంత తెల్లపూలు. కానీ ఒకప్పుడు కోస్తా అంతా దీని వేరు మీద బతికింది. వేరు పైతోలు తీసి, పటిక పట్టించిన గుడ్డని దానితో ఉడికిస్తే ఎరుపెక్కుతుంది. మన కలంకారీ గుడ్డల ఎరుపు ఇదే. పేటలకి పేటలు దీన్ని తవ్వి అమ్మేవి, విత్తనం చల్లి పెంచేవాళ్ళు కూడా.

సరుగుడు తోట పక్కన ఇసుకలో గంటసేపు వంగి వంగి వెతికాం. చివరికి అమ్మకే కనపడింది. పుట పక్కన పెట్టి చూశాం. కణుపు దగ్గర ఆకుల అమరిక, కొసన గుత్తి కట్టిన పువ్వులు, ఒక్కో పువ్వుకి నాలుగు రేకులు, అన్నీ సరిపోయాయి. పీకలేదు. అమ్మ మొదట్లో ఇసుకని వేలితో కాస్త తొలగించింది. దారంలాంటి వేరు నారింజరంగులో మెరిసింది. గోటికి ఆ రంగు అంటితే సాయంత్రం దాకా కడుక్కోలేదావిడ.

కోరింగ మడ అడవికి పాటు వేళకి చేరాం. నీళ్ళు వెనక్కి తీసి, మడచెట్ల గాలివేర్లు బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి వచ్చి ఉన్నాయి. చెక్క వంతెన మీద నడుస్తుంటే కింద పీతలు ఒంటి పెద్ద డెక్క పైకెత్తి ఊపుతున్నాయి. తిల్ల చెట్టుని ముట్టుకోవద్దని కాపలా మనిషి చెప్పాడు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నల్లటోపీ లకుముకి ఒకటి వంతెనకి పది అడుగుల దూరంలో కూర్చుంది. నీలం వీపు, తెల్ల మెడ, ఇటుకరంగు పొట్ట, పగడంలాంటి ముక్కు. కెమెరా తీయలేదు. నోటుపుస్తకంలో పెన్సిల్‌తో గీయడానికి కూర్చున్నాను. నా గీత బాగా రాలేదు. కానీ గీస్తూ ఉంటే ముక్కు అడుగు భాగం పైభాగం కన్నా ఎలా వంగి ఉందో మొదటిసారి చూశాను. అది ఎగిరిపోయాక కూడా ఆ వంపు కళ్ళ ముందే ఉంది.

కడియపులంకలో నర్సరీలకి ఒక పూట చాలలేదు. రోడ్డు వెంట కుండీలే కుండీలు. చామంతి, బంతి, గులాబీలు కళ్ళు చెదిరేటన్ని. చిరివేరుందా అని అడిగితే యజమాని ఆలోచించి, “మా తాతగారి నోట విన్న పేరండి. మొక్క నేను చూడలేదు” అన్నాడు. మూడో పుట అతనికిచ్చాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, చాలాసేపు చూసి, కొట్టు గోడకి పిన్ను గుచ్చాడు.

తిరుగు రైలు రాత్రికి. సంచి సర్దుతుంటే దొడ్డమ్మ ఫైలు తెమ్మంది. మోదుగు బొమ్మ బయటికి తీసి, ఇంగ్లీషు పేరు కింద తన వణికే అక్షరాల్లో ‘మోదుగు’ అని తెలుగులో రాసింది. దాని పక్కనే మొక్కెం బొమ్మ మీద కూడా.

“ఈ రెండూ నా దగ్గర ఉంచి వెళ్ళవే అమ్మడూ. మిగతావి వచ్చేసారి తెస్తే పేర్లు రాసిపెడతాను.”

బుజ్జి అప్పటికే ఆ కాగితం అంచు మీద కాలు వేసి కూర్చుంది.