ఇసుక అడుగున నీళ్ళు, నీళ్ళ పైన పెద్దోడు

ఫిబ్రవరి మధ్య

మా హెర్మిట్ పీతల తొట్టిలో ఇసుక అడుగున నీళ్ళు నిలుస్తున్నాయి. నిన్న రాత్రి మళ్ళీ సిరంజి పెట్టి లాగాను. 150 మిల్లీలీటర్లు వచ్చాయి, ఆ తర్వాత అన్నీ బుడగలే. నీళ్ళు లేత గోధుమరంగు, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన గుడ్డు కంపు. పొద్దున్నే గాజుకి స్కేలు ఆనించి చూస్తే అడుగున తడి గీత ఎప్పట్లాగే అంగుళంన్నర దగ్గర ఉంది. లాగినవి లాగినట్టే మళ్ళీ ఊరుతున్నాయి. చిరాకొచ్చేస్తోంది.

సెటప్ గుర్తు లేనివాళ్ళకి ఒక్క ముక్క. 40 గ్యాలన్ల బ్రీడర్ తొట్టి, 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు. ఐదు పాళ్ళ ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఉప్పునీళ్ళతో తడిపి 8 అంగుళాల మందం వేశాను. అందులో నాలుగు పర్పుల్ పించర్ హెర్మిట్ పీతలు, ఖాళీ నత్త గుల్లల్లో దూరి నేల మీద బతికే రకం. ఇక్కడ న్యూజెర్సీ బీచుల్లో, బోర్డ్‌వాక్ దుకాణాల్లో రంగులేసిన గుల్లల్లో పెట్టి అమ్మేవి ఇవే. టర్బో నత్తల గుల్లలు ముందు పెట్టగానే రంగు గుల్లలు వదిలేసి అవే మారిపోయాయి. తిండి బాగానే తింటున్నాయి, తాళ్ళెక్కుతున్నాయి, రాత్రంతా ఒకటే గీరుడు. వాటి గురించి రాయడానికేం లేదు. బాధంతా అడుగున.

అడుగున నీళ్ళు నిలిచాయంటే మామూలుగా అందరూ చెప్పేది ఒకటే: పీతల్ని తీసి, ఇసుక మొత్తం తోడేసి, మళ్ళీ పొయ్యి. నా దగ్గర అది కుదరదు. నాలుగింట్లో పెద్దోడు నవంబరు చివర్లో కుబుసం విడవడానికి లోపలికి దిగాడు, ఇంకా పైకి రాలేదు. అదృష్టం కొద్దీ ఎడమ పక్క గాజుకి ఆనించి గుహ చేసుకున్నాడు కాబట్టి టార్చి వేస్తే కనిపిస్తాడు. గుహ నేల తొట్టి అడుగు నుంచి 4 అంగుళాల ఎత్తు. అంటే నీటి గీతకీ వాడికీ మధ్య ఉన్నది రెండున్నర అంగుళాలు. కుబుసం విడిచిన పీత ఒళ్ళు మెత్తగా ఉంటుంది, ఆ సమయంలో గుహ కూలిస్తే పోవచ్చు. ‘వాసన వస్తే ఆలోచించకుండా తవ్వెయ్యి’ అనే గుంపుతో నేను ఏకీభవించను. పీత చచ్చిపోతే కుళ్ళిన చేప కంపు కొడుతుంది. ఇది గుడ్డు కంపు, అంటే గాలి తగలని ఇసుకలో బ్యాక్టీరియా చేసే హైడ్రోజన్ సల్ఫైడు. రెండూ ఒకటి కాదు.

ఈ సల్ఫైడు ఎక్కడిదంటే, నాకు ఉప్పునీళ్ళ మీదే అనుమానం. ఇసుకని ఉప్పునీళ్ళతో కలిపితే బూజు తక్కువని అందరం అలాగే చేస్తాం. కానీ సముద్రపు నీటిలో కిలోకి దాదాపు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. సముద్ర చేపల తొట్లకి అమ్మే అక్వేరియం ఉప్పు కూడా ఆ లెక్కకే తయారు చేస్తారు. గాలాడినంతసేపూ ఏం కాదు. నీళ్ళు నిలిచి గాలి ఆగిందంటే ఆ సల్ఫేటే బ్యాక్టీరియాకి మేత. కుడి మూల గాజు వెంట కనిపిస్తున్న నల్ల చారలు ఐరన్ సల్ఫైడే అయ్యుండాలి.

ఇక నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయన్నది. మొదటి అనుమానం ఉప్పునీళ్ళ గిన్నెలో గాలి బుడగలు వదిలే బబ్లర్ మీద, నీళ్ళు చిందిస్తోందేమోనని. చుట్టూ పేపర్ టవల్ పరిస్తే పొద్దున్నకి అంచులే తడిశాయి. కొన్నాళ్ళు బబ్లర్ ఆపేసి కూడా చూశాను, గీత దిగలేదు. తర్వాత గిన్నెలకి చిల్లుందేమోనని రెండూ బయటికి తీసి, నింపి, న్యూస్‌పేపర్ మీద రాత్రంతా ఉంచాను. పొడిగానే ఉంది.

అప్పుడు నీళ్ళలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ తీశాను. ముందే తీయాల్సిన పనిముట్టు అదే. ఉప్పునీళ్ళ గిన్నె కారితే అడుగు నీళ్ళలో ఉప్పు తగ్గకూడదు. జనవరిలో మొదటిసారి లాగిన నీళ్ళు వెయ్యికి 12 పాళ్ళు ఉప్పు చూపించాయి, ఇప్పుడు 7. గిన్నెలో ఉన్నది 35. అంటే లోపలికి దిగుతున్నది మంచినీళ్ళే. మంచినీళ్ళ గిన్నె కారడం లేదు. మూత తీసి స్ప్రే కొట్టడం శీతాకాలం మొదట్లోనే మానేశాను. మిగిలింది గాజు మీద పట్టే చెమ్మ.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో నాలుగు గోడలూ కొలిచాను. వెనక గోడకి హీట్ మ్యాట్ ఉంది, అక్కడ 88 డిగ్రీల ఫారెన్‌హీట్. లోపల గాలి 80, తేమ 80 శాతం. (ఉప్పు ముద్దతో మూసిన డబ్బాలో పెట్టి 75 చూపిస్తోందో లేదో సరిచూసిన డిజిటల్ మీటరే. ముల్లున్న మీటర్లు కొనకండి, డబ్బు దండగ.) ముందు గాజు 70, ఇసుక దగ్గర 69, కిటికీ పక్కనున్న కుడి గోడ 66. 80 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలికి డ్యూ పాయింట్, అంటే ఆవిరి నీళ్ళుగా మారే ఉష్ణోగ్రత, సుమారు 73. అంతకన్నా చల్లగా ఉన్న ప్రతి గాజు మీదా నీళ్ళు పట్టి తీరాలి. మా ఇంట్లో చలికాలం హీటరు 68 మీద ఉంటుంది. అంటే డిసెంబరు నుంచి మార్చిదాకా ఈ తొట్టి గిన్నెల్లో నీళ్ళు పైకి లేపి, చల్ల గాజు మీద దించి, గాజుకీ ఇసుకకీ మధ్య సందులోంచి అడుగుకి పంపే పని చేస్తోంది.

లెక్క కూడా సరిపోయింది. గిన్నెల్లో రోజుకి 200 మిల్లీలీటర్ల దాకా పోస్తున్నాను, నెలకి 6 లీటర్లు. అంగుళంన్నర మందం తడి ఇసుక ఈ తొట్టిలో 16 లీటర్లు, ఇసుక రేణువుల మధ్య ఖాళీ మూడో వంతుకి కాస్త పైన, కాబట్టి అందులో నీళ్ళు 6 లీటర్ల లోపు. మూత సందుల్లోంచి కొంత ఆవిరి బయటికి పోయినా చలికాలంలో సగం చాలు ఇది నిండడానికి.

లాగడం గురించి. కుడి ముందు మూలలో గట్టి ప్లాస్టిక్ గొట్టం గాజు వెంట కిందికి దించాను, చివర పాత మేజోడు గుడ్డ కట్టి. దించేటప్పుడు లోపల ఇనుప చువ్వ ఉండాలి, లేకపోతే ఇసుకతో బిగుసుకుపోతుంది. ఏటి ఇసుకలో చెలమ తీసినట్టే: తోడితే ఆగిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ ఊరుతుంది. కాకపోతే కొబ్బరి పొట్టు నలుసులు గుడ్డకి అడ్డం పడుతున్నాయి, ప్రతి వారం తీసి కడగాలి. అన్నట్టు ఈ పొట్టు ఇటుక కొన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అంబాజీపేట వైపు పీచు ఫ్యాక్టరీల వెనక గుట్టలుగా పడుండే సరుకు, ఇక్కడ డాలర్లు పోసి! జూ మెడ్ కంపెనీ వాళ్ళ ఎకో ఎర్త్ పొట్టు బాగుంటుంది, కాదనను. తోటపని కోకోపీట్ కొనేవాళ్ళు ఎరువు కలపనిదేనా అని చూసుకోండి.

ఫిబ్రవరి చివర

మూడు గోడలకి బయట అంగుళం మందం ఫోమ్ బోర్డు కట్టాను. హీట్ మ్యాట్ మీద మాత్రం నేరుగా కప్పలేదు, అక్కడ వేడి పేరుకుంటే గాజు పగలొచ్చు. మ్యాట్ వేడిని అదుపు చేసే కంట్రోలర్ సెన్సరు ఆ గోడకే అంటించి పెట్టాను. (ఇంక్‌బర్డ్ కంట్రోలర్‌కి పెట్టిన ప్రతి డాలరూ న్యాయమే.) ముందు గాజుకి రాత్రిపూట రెండు పొరల బబుల్ రాప్, దాని మీద పాత బొంత. ఇప్పుడు కుడి గోడ 74, ముందు గాజు రాత్రి 75. చెమ్మ ఇసుక అంచు దగ్గర రెండంగుళాల పట్టీగా మాత్రమే కనిపిస్తోంది. తేమ 88కి ఎగబాకింది, మూత ఒక మూల కాస్త జరిపితే 83కి వచ్చింది.

అమ్మ వీడియో కాల్‌లో బొంత చూసి, “పీతలకి దుప్పటేంట్రా? ఇంతా చేస్తే అవి పులుసుకి కూడా రావు కదరా” అంది. మా పాప ఆ మాటకి అలిగి కూర్చుంది.

గీత మాత్రం అంగుళంపావు దగ్గర ఆగిపోయింది. ముందు భయపడ్డాను గానీ లెక్కేస్తే అర్థమైంది: పావు అంగుళం దిగాలంటే ఈ నేల మొత్తం మీద లీటరు నీళ్ళు పోవాలి. రాత్రికి 150 చొప్పున, కొత్తగా చుక్క రాకపోయినా వారం పడుతుంది. పైనున్న ఇసుకలోంచి కిందికి జారేది వేరే.

మార్చి మొదట

ఓ పాత పద్ధతి ప్రయత్నించాను. తొట్టిని కాదు, దాని కిందున్న స్టాండుని ఎడమ పక్క అరంగుళం ఎత్తాను, షిమ్‌లు, అంటే పల్చటి చెక్క ముక్కలు, దోపి. ఇసుకే 130 కిలోల పైమాట, ఒక్కళ్ళే చేయకండి. తొట్టి మూల కింద నేరుగా ఏదీ దోపకండి, అతుకు విడిపోతుంది. పెద్దోడి వైపు గీత అంగుళానికి దిగింది, గొట్టం వైపు అంగుళంన్నరకి లేచింది. సిరంజికి ఒకేసారి 250 వస్తున్నాయి. ఉప్పు 5కి పడింది, వాసన సగం తగ్గింది. నల్ల చారలు అలాగే ఉన్నాయి.

పెద్దోడు పాత పెంకు తింటున్నాడు, కొత్త గోళ్ళు చిక్కటి ఊదా.

వాడు పైకొచ్చాక మొత్తం విప్పేస్తాను. తొట్టిని కిటికీ గోడ నుంచి లోపలి గోడకి మార్చడం మొదటి పని. రెండు మూలలా అంగుళం పీవీసీ గొట్టాలు, అడుగున చిల్లులు, స్టీలు జాలీ. ఈసారి ఇసుక వేయకముందే నిలబెడతాను. అడుగున జాలీ తట్ట పెట్టి దాని కింద నీళ్ళు వదిలే పద్ధతి నాకు నచ్చదు, పీత తవ్వుకుంటూ అక్కడిదాకా వెళ్తే గోళ్ళు ఇరుక్కుంటాయి. ఇసుక మంచినీళ్ళతోనే కలుపుతాను, క్లోరిన్ తీయడానికి ప్రైమ్ అనే మందు వేసి. బూజు వస్తే దాన్ని తినే చిట్టి పురుగులు స్ప్రింగ్‌టెయిల్స్ చూసుకుంటాయి, ఇప్పటికే లోపల బోలెడున్నాయి. ఉప్పునీళ్ళు గిన్నెలో ఉంటే చాలు, దానికి ఇన్‌స్టంట్ ఓషన్ సముద్రపు ఉప్పు ఎలాగూ వాడుతున్నాను. గిన్నెలు కూడా చిన్నవి చేస్తే ఆవిరి తగ్గుతుంది, కానీ పీత పూర్తిగా మునిగేంత లోతు ఉండాల్సిందే. కాబట్టి వెడల్పు తగ్గించి లోతు ఉంచాలి.

20 గ్యాలన్ల తొట్టి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూసి పెట్టాను, కుబుసానికి దిగేవాటికి విడిగా. పెద్దోడికి మూతి అంగుళంపావు ఉన్న టర్బో గుల్లలు కూడా కావాలి, పైకి వచ్చేసరికి పాతది ఇరుకవుతుంది. ఎవరి దగ్గరైనా ఆ సైజువి మిగిలితే చెప్పండి, పాలిష్ చేసినవైనా పర్లేదు.