విక్టోరియా పబ్లిక్ హాలు: గోడలతోపాటు వేదిక కూడా ప్రణాళికలో ఉండాలి

మా తాతగారు చెన్నపట్నంలో, ప్యారిస్ కార్నరు దగ్గరి ఒక అచ్చుకూటంలో కంపోజిటరుగా పనిచేశారు. తాను అక్షరాలు కూర్చిన నాటకాల కరపత్రాలలో ఒక్కొక్క ప్రతిని ఇంటికి తెచ్చి ఇనుప పెట్టెలో దాచుకొనేవారు. వాటిలో టిక్కెట్టు ధరలు అణాలలో ఉన్నాయి గనుక, 1957లో నయాపైసలు రాకముందువని మాత్రం చెప్పగలను. కొన్నింటిలో ఒకే కాగితం మీద ఎడమవైపు తెలుగు, కుడివైపు తమిళం కనిపిస్తాయి. సెంట్రల్ స్టేషనులో దిగి రిప్పన్ భవనం వైపు నడిచినప్పుడల్లా, దాని పక్కనున్న ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలును చూడగానే నాకు ఆ పెట్టె గుర్తుకు వస్తుంది. నగర కార్పొరేషను సింగార చెన్నై 2.0 పథకం కింద ఈ హాలు పునరుద్ధరణకు 32 కోట్ల రూపాయలకు పైగా కేటాయించి, 2023లో పనులు మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆ ప్రణాళిక గురించి దొరికినంత మేరకు చదువుతూ, తెలిసినవారిని అడుగుతూ వచ్చాను. వారసత్వ కట్టడాల విషయంలో ఒక నగరపాలక సంస్థ ఏది లెక్కలోకి తీసుకుంటున్నదో, ఏది విడిచిపెడుతున్నదో ఈ ఒక్క హాలును పట్టుకొని చెప్పవచ్చునని నాకు అనిపించింది.

ఈ హాలు ప్రభుత్వం తనంత తాను కట్టినది కాదు. 1882లో పట్టణంలోని పెద్దలు పచ్చయ్యప్ప హాలులో సమావేశమై, జనం కూడుకోవడానికి ఒక పురమందిరం కావాలని తీర్మానించుకొని, చందాలు పోగుచేశారు. 1883 డిసెంబరు 17న శంకుస్థాపన చేసినవారు విజయనగరం మహారాజు పూసపాటి ఆనందగజపతి. గురజాడ కన్యాశుల్కం పుట్టింది ఆయన కొలువులోనే అని తెలిసిన తెలుగువారికి ఆ శంకుస్థాపన విలువ వేరే చెప్పనక్కరలేదు. రాబర్ట్ చిషోమ్ నమూనా గీయగా, నంపెరుమాళ్ చెట్టి కట్టించారు. విక్టోరియా రాణి స్వర్ణోత్సవాన్ని పురస్కరించుకొని దానికి ఆమె పేరు పెట్టారు. పీపుల్స్ పార్కు స్థలంలో కొంత భాగాన్ని, గ్రౌండుల (ఈ ఊళ్ళో స్థలాన్ని కొలిచే ప్రమాణం) లెక్కన స్వల్పమైన అద్దెకు, పురపాలక సంస్థ 99 ఏళ్ళ లీజుకు ఇచ్చింది. ఆ లీజు 1985 ప్రాంతంలో ముగిసిన తరువాత హాలు ఎవరి చేతిలో ఉండాలన్న వివాదం ఏళ్ళ తరబడి సాగింది. బాగుచేయించే బాధ్యత ఎవరిదో తేలని కట్టడం ఎంత త్వరగా పాడవుతుందో అందరికీ తెలిసినదే.

వివేకానందుడు 1897 ఫిబ్రవరిలో ఇక్కడ ఉపన్యసించారన్న మాట ఈ హాలు గురించిన ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. నాటకాల ప్రస్తావన మాత్రం సాధారణంగా ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. నిజానికి ఈ హాలు చరిత్రలో అన్నిటికంటె ఫలవంతమైన భాగం అదేనని నా అభిప్రాయం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరస వినోదిని సభ 1891లో బళ్ళారి నుంచి వచ్చి ఇక్కడ తెలుగు నాటకాలు ఆడింది. చదువుకున్నవారు, ఉద్యోగాలు చేసుకొనేవారు ముఖాన రంగు వేసుకొని వేదిక ఎక్కడమనేది అప్పటికి ఈ ఊళ్ళో గౌరవనీయమైన పని కాదు. ఆ ప్రదర్శనలు చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్ అనే యువకుడికి, తమిళంలో కూడా ఇలాంటి సభ ఒకటి ఉండాలన్న పట్టుదల కలిగింది. అదే ఏడాది జూలై 1న మిత్రులతో కలిసి ఆయన సుగుణ విలాస సభను స్థాపించారు. ఆధునిక తమిళ రంగస్థలానికి మూలపురుషులలో ఒకరైన ఆయనకు తొలి ప్రేరణ తెలుగు నాటకం నుంచి అందిందని తమిళ రంగస్థల చరిత్రకారులే కృతజ్ఞతతో రాశారు. తరువాతి కాలంలో ఆచార్యులవారి మేనల్లుడు బళ్ళారి రాఘవ అదే సుగుణ విలాస సభ పక్షాన నటించారు. ఒక భాష నాటకం మరొక భాష నాటకానికి ఊపిరి పోసిన ఆ చోటు ఇప్పటికీ మన కళ్ళ ఎదుట నిలిచి ఉండటం సామాన్యమైన విషయం కాదు.

కార్పొరేషను తలపెట్టిన మరమ్మతు పద్ధతిని నేను మనసారా సమర్థిస్తున్నాను. పాత ఇటుక గోడలకు సిమెంటు పూయడం వల్ల కలిగే నష్టాన్ని జార్జిటౌనులో చాలా ఇళ్ళలో కళ్ళారా చూశాను. గానుగ సున్నంతో కట్టిన గోడ లోపలికి చేరిన తేమను మెల్లగా బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పొర పడితే ఆ తేమకు దారి మూసుకుపోయి, నీటిలోని ఉప్పు ఇటుక ముఖాన పేరుకొని, రెండు మూడు వానాకాలాలకే పూతతోపాటు ఇటుక కూడా పెచ్చులుగా రాలిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊరు, పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎడతెగని ఈశాన్య ఋతుపవనాల వాన. అందుకే సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో నూరి, బెల్లపు నీరూ కరక్కాయ నానబెట్టిన నీరూ చేర్చి వాడే పాత పద్ధతిని మళ్ళీ పట్టుకోవడం తప్పనిసరి. మద్రాసు టెర్రస్ అని పేరున్న కప్పుల సంగతి కూడా ఇంతే. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా వరుసలు పేర్చి, సున్నంతో బిగించే ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు చాలా తక్కువమంది ఉన్నారు. ఒక కట్టడం మీద ఇన్ని కోట్లు ఖర్చు చేస్తున్నప్పుడు, ఆ మేస్త్రీల పక్కన పదిమంది కుర్రవాళ్ళను నిలబెట్టి పని నేర్పించాలన్న షరతు టెండరులోనే ఉంటే, నగరంలోని తరువాతి పాత భవనానికి పనివారు కరవుకారు. మద్రాసు హైకోర్టు 2010లో ఇచ్చిన తీర్పులో పేర్కొన్న కట్టడాలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి గనుక ఆ అవసరం ఎంత పెద్దదో ఊహించవచ్చు.

నా దిగులు కట్టడం గురించి కాదు, తలుపులు తెరిచిన మరునాటి గురించి. గోడలకు అంచనా ఉంటుంది, కొలతల పుస్తకం ఉంటుంది, బిల్లు ఉంటుంది. ఆ హాలులో ఏడాదికి ఎన్ని రాత్రులు నాటకం ఆడాలి, ఎవరికి ఎంత అద్దెకు ఇవ్వాలి, రిహార్సలుకు గది ఉంటుందా, వేదిక దీపాలను చూసుకొనే ఉద్యోగి ఉంటాడా అన్న వాటికి కూడా అంతే కచ్చితమైన అంచనా వేయడం మన నగరపాలక సంస్థలకు ఇంకా అలవాటు కాలేదు. నేను పెరంబూరులోని ఒక పద్యనాటక బృందంలో ఉన్నాను. మేము పన్నెండుమందిమి, హార్మోనియంతో కలిపి. ఒక మిత్రుని ఇంటి మేడ మీద సాధన చేస్తాము. రెండేళ్ళ క్రితం నగరంలోని ఒక మందిరాన్ని ఒక సాయంత్రానికి అడిగితే, వారు చెప్పిన అద్దె మా టిక్కెట్లన్నీ అమ్ముడుపోయినా వచ్చే మొత్తానికి రెట్టింపు ఉంది. ఆ నాటకాన్ని చివరికి ఒక కల్యాణమండపంలో, భోజనాల బల్లలను పక్కకు జరిపి ఆడుకున్నాము. తమిళ వీధినాటక బృందాల మిత్రులు చెప్పేది కూడా ఇదే కథ. 2017లో యునెస్కో సంగీతానికి సంబంధించిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చిన ఊరు మనది. మార్గళి మాసంలో, అంటే మన ధనుర్మాసంలో, సంగీత సభలన్నిటా త్యాగరాజస్వామి తెలుగు కృతులు మారుమోగే ఊరు మనది. సంగీతానికి పెద్ద సభల అండ ఉంది. చిన్న నాటక సమాజానికి అటువంటి అండ లేదు గనుక ప్రభుత్వం వేదిక ఇవ్వవలసిన అవసరం అక్కడే ఎక్కువ.

హాలులో ప్రదర్శనశాలను ఏర్పాటు చేయడం కూడా ఈ ప్రణాళికలో భాగమే. అందులో పాత ఛాయాచిత్రాలు, భవనం కొలతలు, ప్రముఖుల జాబితాతోపాటు నాటకాల గది ఒకటి ఉండాలని, అందులో 1891 నాటి బళ్ళారి బృందం రాకకు తగిన చోటు దక్కాలని కోరుకుంటున్నాను. తెలుగువారి వాటా తేల్చమన్న పంతంతో ఈ మాట అనడం లేదు. ఆ సంఘటన లేకుండా తమిళ నాటక చరిత్ర కూడా మొదటి పుట చిరిగిన పుస్తకంలాగే ఉంటుంది. సామగ్రి సేకరణకు పెద్ద ఖర్చు అవసరం లేదు. షావుకారుపేట, పెరంబూరు, రాయపురం, మైలాపూరులలో పాత కుటుంబాల పెట్టెలలో కరపత్రాలు, నాటక దుస్తుల్లో దిగిన ఫొటోలు, చేతిరాత ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. వార్డు కార్యాలయంలో నెలకు ఒక రోజు స్కానరుతో ఒక ఉద్యోగి కూర్చొని, తెచ్చినవారి కాగితాలను అక్కడికక్కడే నకలు తీసి తిరిగి ఇచ్చేస్తే చాలు. అసలు ప్రతులను అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడంలో తప్పు కూడా లేదు.

మరొక్క సంగతి చెప్పాలి. ఈ కార్పొరేషనులో పారిశుద్ధ్య కార్మికులుగా తరతరాలుగా పనిచేస్తున్నవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి కాలనీలలో అమ్మవారి జాతర్లకు పాడే పాటలు, వేసే డప్పు దరువులు ఈ నగర సంస్కృతిలో నిజమైన భాగం. పొంగల్ సమయంలో రాష్ట్ర ప్రభుత్వం జరిపే చెన్నై సంగమం పార్కులలోనూ మైదానాలలోనూ జానపద కళాకారులకు వేదికలు ఇస్తున్నది, అది ఎంతో మంచి పని. కార్పొరేషను తన సొంత ఉద్యోగుల కళను తన సొంత హాలులో, ఏడాదికి ఒక రాత్రి అయినా, పారితోషికం ఇచ్చి ఆడించుకుంటే, ఉదయాన్నే ఈ వీధులను ఊడ్చే చేతులకు ఆ సాయంత్రం వేదిక మీద చప్పట్లు అందుతాయి.

ఈ అభ్యర్థనలన్నీ తమిళంలో ఒక అర్జీగా రాసి, మా వార్డు కౌన్సిలరు గారికి పోయిన వారం అందజేశాను. అద్దె విషయంలో మూడు మాటలు ప్రత్యేకంగా అడిగాను: చిన్న బృందాలకు వేరే రేటు ఉండాలి, వారంలో రెండు పగళ్ళు రిహార్సలుకు కేటాయించాలి, రేట్ల పట్టికను తమిళంతోపాటు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో తలుపు దగ్గర అతికించాలి. ఆమె ఓపికగా చదివి, బడ్జెట్టు చర్చకు ముందు మరొకసారి గుర్తు చేయమన్నారు. అర్జీ వెనుక తాతగారి కరపత్రాలలో మూడింటి నకళ్ళు జతచేశాను. వాటిలో ఒకదాని అడుగున, అచ్చుకూటం పేరు కింద, పెన్సిలుతో రాసిన తాతగారి పొడి అక్షరాలు ఉన్నాయి. నకలులో అవి కనబడలేదని వాటి మీద నేను మళ్ళీ దిద్ది ఇచ్చాను.