బ్లడ్‌హౌండ్ సెట్ పూర్తయ్యేసరికి: నా అనుభవం

బొమ్మ మిసైల్ కొనడం తేలికే. దానికి అసలు భాగాలన్నీ వెతికి సెట్ చేసేసరికే తలప్రాణం తోకకొస్తుంది. ఉద్యోగరీత్యా బ్రిస్టల్‌లో ఉంటున్నాను. ఇక్కడ సెలవు రోజుల్లో పాత బొమ్మల సంతలు పెడుతుంటారు. ఈ పిచ్చి అక్కడే పట్టుకుంది.

నాకు కావాల్సింది కార్గీ వాళ్ల బ్లడ్‌హౌండ్, అంటే విమానాలను కూల్చే ఒక బ్రిటిష్ మిసైల్ బొమ్మ. మెట్టాయ్ అనే కంపెనీ 1956లో వేల్స్‌లోని స్వాన్సీలో కార్గీ బొమ్మలు మొదలుపెట్టింది. అసలు బ్లడ్‌హౌండ్ 1958లో బ్రిటిష్ వైమానిక దళంలో చేరింది, ఇంచుమించు అప్పుడే దాని బొమ్మా దుకాణాల్లోకి వచ్చింది. మిసైల్ (మోడల్ నంబర్ 1115), లాంచింగ్ ర్యాంప్ (1116), లోడింగ్ ట్రాలీ (1117) విడివిడిగానూ అమ్మారు. అందుకే ఇప్పుడు సంతలో ఒక టేబుల్ మీద మిసైల్ ఉంటే ర్యాంప్ ఉండదు, ర్యాంప్ ఉంటే ట్రాలీ ఉండదు.

ముందుగా దొరికింది మిసైలే. తెలుపు, పసుపు రంగులు, ముక్కుకు ఎర్ర రబ్బరు తొడుగు. టెన్షనంతా ఆ రబ్బరుతోనే. అరవై ఏళ్లు దాటిన రబ్బరు గట్టిపడి పగులుతుంది. కొత్తగా పోసిన ముక్కులు విడిగా దొరుకుతాయి, అవి తగిలించి కిక్కురుమనకుండా అమ్మేవాళ్లూ ఉన్నారు. గోటితో నొక్కి చూస్తాను. మరీ మెత్తగా, నిగనిగలాడుతూ ఉంటే నమ్మను. తర్వాత రెక్కల అంచులు చూస్తాను. ఆడుకున్న బొమ్మకు రంగు ముందు అక్కడే లేచిపోయి కింద బూడిదరంగు లోహం కనిపిస్తుంది. అంచుల మీద కూడా రంగు దళసరిగా ఉంటే ఎవరో మళ్లీ పూశారన్నమాట. ర్యాంప్ అయితే తిరగేసి రివెట్లు చూడాలి. రివెట్ తలల మీద కూడా రంగు ఉంటే, అది ఫ్యాక్టరీలో బిగించిన తర్వాత ఎవరో మళ్లీ పూసినదే కావచ్చు.

ర్యాంప్ పోస్టులో తెప్పించుకున్నాను. పంపినాయన మామూలు కవర్లో పెట్టి పంపాడు, ఒక మూల విరిగింది. డబ్బులు వెనక్కిచ్చాడు గానీ ఇంకోటి దొరకడానికి చాలా కాలం పట్టింది.

ట్రాలీ దొరక్క తిరుగుతున్న రోజుల్లో వైమానిక స్థావరం బొమ్మలూ పోగయ్యాయి. నీలం రంగు ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) ల్యాండ్ రోవర్ (351), వాన్‌గార్డ్ స్టాఫ్ కారు (352), డెక్కా ర్యాడార్ (353). నిజం చెప్పాలంటే మిసైళ్లకన్నా ఆ ర్యాడారే నాకు ఎక్కువ ఇష్టం. స్కానర్ తిరిగితేనే కొంటాను.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు మిసైల్‌ను చేతిసంచిలో పెట్టలేదు. సెక్యూరిటీ దగ్గర ‘ఇది బొమ్మే సార్’ అని బతిమాలే ఓపిక నాకు లేదు. బట్టల మధ్య చుట్టి చెకిన్ లగేజీలో వేశాను. నాన్న కంచన్‌బాగ్‌లో మిసైళ్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చుట్టూ నాలుగు బూస్టర్లు (మొదట్లో వేగం ఇచ్చే రాకెట్లు), పైనొకటి కిందొకటి ర్యామ్‌జెట్లు (ఎదురుగా వచ్చే గాలితో ఇంధనం మండించే ఇంజన్లు). ‘ఒరేయ్, మన ఆకాశ్ మిసైల్‌లో బూస్టర్ మందు ర్యామ్‌జెట్ లోపలే ఉంటుందిరా. వీళ్లు బయట కట్టారు’ అన్నారు. ఆ తర్వాత గంటసేపు క్లాసే.

ట్రాలీ చివరికి ఒక టేబుల్ కింద, విరిగిన కార్ల డబ్బాలో దొరికింది. గీతలున్నాయి, రంగు మాత్రం అసలుదే. ఇక మిగిలింది అట్టపెట్టెలు. ఒక్కోసారి ఖాళీ పెట్టెకే బొమ్మంత ధర చెబుతారు. నేను కొనను. ఆ డబ్బుతో ఇంకో ర్యాడార్ వస్తుంది.