ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా: ఆటు చూసుకుని నడవాలి

ఆర్కే బీచ్ నుంచి భీమిలికి తీరం వెంబడి దాదాపు పాతిక కిలోమీటర్లు. రోడ్డు మీదైతే నడక అలవాటున్నవాళ్లకి ఆరు గంటల పని. ఇసుకలో ఎనిమిది గంటలు వేసుకోవాలి, అదీ సముద్రం దారిస్తేనే. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఏ రోజైనా పెట్టుకోవచ్చు గానీ, రోజు ఖాయం చేసుకునే ముందు ఆటుపోట్ల వేళలు చూడాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో విశాఖ వేళలు ఉంటాయి. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి.

లెక్క మంగమారిపేట నుంచి వెనక్కి వెయ్యాలి. అక్కడి శిలాతోరణం దగ్గరికి పోటు వేళ వెళ్లలేం. ఆర్కే బీచ్ నుంచి అది పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. ఉదయం పది, పదకొండు మధ్య ఆటు ఉన్న రోజు చూసుకుని, చీకటితోనే బయల్దేరితే నీళ్లు వెనక్కి పోతున్నంతసేపూ గట్టి తడి ఇసుక దొరుకుతుంది. రేణువుల మధ్య చేరిన కాస్త నీరే ఇసుకని పట్టి ఉంచుతుంది. పొడి ఇసుకలో అడుగు దిగబడి, పిక్కలు రెండు గంటల్లోనే పట్టేస్తాయి.

పెందరాళే బయల్దేరడానికి ఇంకో కారణం తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ట్రాక్టరు టైరు ఈడ్చినట్టు జాడలు రెండు కనిపిస్తాయి, ఒకటి ఎక్కినది, ఒకటి దిగినది. జనం, కుక్కలు తిరగడం మొదలైతే అవి చెరిగిపోతాయి. గూడు కనిపిస్తే తవ్వకుండా అటవీ శాఖకి చెప్పండి. ఒక్కో గూట్లో వంద గుడ్ల పైన ఉంటాయి, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. చచ్చి కొట్టుకొచ్చిన తాబేళ్లూ ఈ నెలల్లోనే కనిపిస్తాయి. ఊపిరికి పైకి రావలసిన జీవి ట్రాలు వలలో ఇరుక్కుంటే మునిగి చస్తుంది.

తెన్నేటి పార్కు దగ్గర రాళ్లు అడ్డం. నాచు పట్టిన రాళ్ల మీద సాహసం వద్దు, రోడ్డెక్కి మళ్లీ దిగండి. నేవీ బోర్డులున్న చోటా అంతే.

సాగర్ నగర్ దాటాక ఇసుక నిండా చిన్న చిన్న ఉండలు కనిపిస్తే, అవి ఇసుక పీతల పని. ఇసుకలోంచి తిండి జల్లించుకుని మిగిలింది ఉండ చేసి పక్కన పడేస్తాయి. పోటు వచ్చి చెరిపేస్తుంది, మళ్లీ ఆటుకి మొదలు. ఎర్ర పీతలు చూడాలంటే బొరియకి నాలుగడుగుల దూరంలో కదలకుండా కూర్చోవాలి. ముందు కళ్ల కాడలు పైకొస్తాయి.

మంగమారిపేట రాళ్ల గుంటల్లో సన్యాసి పీతలు, పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్లు అనే జీవులు చూడొచ్చు. శంకువు ఆకారంలో ఉన్న గవ్వలు మాత్రం ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు. కోన్ నత్త కుడితే ప్రాణం మీదికి వస్తుంది. నీలి బుడగలా ఒడ్డున పడి ఉండే బ్లూ బాటిల్ అనే జెల్లీ చేప లాంటి జీవి చచ్చాక కూడా కుడుతుంది. తీగలు ఒంటికి అంటుకుంటే రుద్దకుండా సముద్రపు నీళ్లతో కడిగి, తర్వాత ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి.

ఆటుకి గంట ముందే తోరణం చేరి, వెంటనే కదిలితే మేలు. ఆలస్యమైతే చివరి తొమ్మిది కిలోమీటర్లకి పోటు మొదలై, నడిచే తడి ఇసుక సన్నబడి, వాలు మీదికి నెట్టేస్తుంది. ఉత్తరానికి నడుస్తున్నాం కాబట్టి కుడికాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది, తుంటి, మోకాలు పట్టేసేది అందుకే. నాలుగైదు కిలోమీటర్లకోసారి బూట్లు విప్పి ఇసుక దులిపి, మేజోళ్లు మార్చండి. బొబ్బలకి మూలం తడి మేజోడులో ఇరుక్కున్న ఇసుకే. మనిషికి మూడు లీటర్ల నీళ్లు తక్కువేం కాదు.

భీమిలికి ముందు వచ్చే ఎర్రమట్టి దిబ్బలు 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందాయి. గట్లు ఎక్కితే మట్టి జారుతుంది, పక్కనుంచే చూడాలి.

నడక ముగిసేది గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట. చలికాలంలో అక్కడి ఇసుక మేటల మీద గోధుమ తల గల్ పక్షులు గుంపుగా వాలతాయి. పైన గరుడ పక్షి తిరుగుతుంటుంది. వలస వచ్చిన ఉల్లంకి పిట్టలు గుంపుకి దూరంగా, నీటి అంచున పరుగెడుతుంటాయి. నదీముఖం ఈది దాటాలని చూడొద్దు, అడుగున ప్రవాహం బలంగా ఉంటుంది. అలసిపోయి స్నానానికి దిగడం అంతకంటే ప్రమాదం; ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. విశాఖకి తిరిగి రావడానికి 900కె బస్సు ఉంది.